చెయ్యి ఊగితేనే నడక

సాల్వాలో మా మామా ఇల్లు మూడంతస్తులు,
భూమిలోపల ఇంకోటి.
ఆడ అద్దాల గదిలో
నడిచే పట్టా, ఎంత తొక్కినా కదలని సైకిలు,
వారానికి మూడుసార్లొచ్చే కెప్టెన్ మార్లిన్.
"యల్లా, యల్లా" అని ఆ పిల్ల అరస్తాంటే
మామా పరిగెత్తతాది, గోడకు ఎదురుగా.
మా జేజినాయన గానుగెద్దు గుర్తొస్తాది నాకు.
దానికీ యాడికీ పోయే పని లేదు,
కాకపోతే సాయంత్రానికి నూనె ఉండేది.

మొదట్లో నవ్వుకుంటి, అబద్ధమేల.
ఆ తువ్వాళ్ళు ఉతికేది నేనే గదా,
ఆయమ్మ చెమటా నా చెమట మాదిరే వాసనొస్తాది.
అప్పుడు నవ్వడం మానుకుంటి.

రంజాన్ పోయినాక మామా అక్కచెల్లెళ్ళు, వదినెలు
పందెం వేసుకున్నారు,
నెల్లో ఎవరెక్కువ నడుస్తారో చూద్దామని.
లెక్కంతా చేతి గడియారంలోనే ఉంటాదంట.
పదో రోజు మామా మడమ బెణికింది.
తలుపు దగ్గరికేసి, గడియారం విప్పి నా చేతికి కట్టి,
"రెడ్డెమ్మా, నువ్వెట్లాగూ తిరగతానే ఉంటావు" అనింది
అరబ్బీలో, మెల్లగా.

నడక గురించి ఆ పొద్దే తెలిసింది నాకు.
చపాతీ పిండి పిసికితే నడకంట.
నిలబడినచోటే నాలుగు వందల అడుగులు వేసినానంట.
కిటికీ అద్దాలు తుడిస్తే ఊరు దాటినంత.
తడిబట్టల బుట్ట రెండు చేతులా పట్టుకొని
అడుగు నుంచి మిద్దెమీదికి
డెబ్బైరెండు మెట్లెక్కితే మాత్రం
ఒక్కటి రాసుకోలేదు.
చెయ్యి ఊగితేనే నడక దానికి.
బరువు మోసే చెయ్యి యాడ ఊగతాది?
బాబావాళ్ళమ్మను చక్రాల కుర్చీలో
ఖర్జూరం చెట్ల చుట్టూ తిప్పుకొస్తే
నేను నిలబడుకోనుండానని అనుకునింది.

రాత్రి పదకొండున్నరకు గిన్నెలైపోయినాయి.
వంటింటి మూల నీళ్ళ డబ్బా మీద కూచుంటి.
కూచున్నదాన్ని అట్లే కునుకు తీసినట్టుండా.
మణికట్టు గుర్రుమనింది.
నిద్రపోని పిల్ల దలాల్ వచ్చి చూసి చదివింది:
"లేచి నిలబడమంటాది.
చాలాసేపట్నుంచి కూచున్నావంట."
పిల్లా నేనూ నోటికి కొంగడ్డం పెట్టుకొని నవ్వినాం
మోకాలు పీకేదాకా.

మోకాలంటే, పోయినేడు
ఆస్పత్రిలో మిస్రీ డాక్టరు ఒత్తి చూసినాడు,
ఫోటో తీయించినాడు.
"రోజూ అరగంట నడువు" అన్నాడు.
ఏమని చెప్పేది? నోరు తెరిచి మూసుకుంటి.
పని వేరు, నడక వేరు అని
ఆయనకు తెలుసునేమో, నాకే తెలీలేదేమో.
ఇరవైయేండ్లు ఒళ్ళు దాచుకోకుండా చేసినా.
ఆ ఒంటిని ఒకసారన్నా పలకరిస్తినా?

మామా గెలిచింది.
రెండో ఆయమ్మ కంటే లక్ష పైన.
నాకు ఐదు దినార్లు,
అడుగు అరగని బూట్లొక జత.

మొన్న శుక్రవారం ముసలామెతో సహా అందరూ
ఖైరాన్‌లో సముద్రం కాడికి పోయిరి.
గది తుడిచేదానికి కిందికి దిగితి.
బకెట్ పక్కన పెట్టి, బూట్లేసుకొని, పట్టా ఎక్కితి.
తాబేలు బొమ్మ ఉండే బొత్తాం నొక్కితి.
చేతుల్లో బుట్ట లేదు, కుర్చీ లేదు.
వాటినేం చేయాలో తెలీక
కాసేపు కమ్మీనే పట్టుకోనుంటి.
తర్వాత వదిలేస్తి.
ఊగినాయి.
అద్దంలో ఎవరో ఆడమనిషి యాడికో పోతాంది,
పనిమీద కాదు,
నడుము నిలబెట్టుకోని, బాగనే పోతాంది.

దిగినాక కూడా నేల కదుల్తానే ఉండాది.
గోడ పట్టుకోని నిలబడితి,
ఎవరూ లేని ఇంట్లో
గట్టిగా నవ్వుకుంటా.