ఇనుము సోకని డబ్బా

వ్యాగన్ పూర్తయింది. అరచేతిలో పడుతుంది.
ఎనభై ఏడో వంతుకు కుదించిన మందుగుండు డబ్బా.
గుండ్రటి పైకప్పు, రెండు తలుపులు,
కిటికీ లేదు. లోపల కూర్చొని ఊళ్ళు చూసేదెవరని?

సన్న కుంచెతో, ఊపిరి బిగబట్టి
ఎర్రగా రాశాను:
మెల్లగా కదపండి. వదిలి తోయొద్దు.

కాజీపేట యార్డులో మిగతా డబ్బాలను
ఇంజను ఒక్క తన్ను తన్ని వదిలేసేది.
వాటంతట అవే పోయి గుద్దుకునేవి.
రాత్రంతా ఢాం, ఢాం. అదే మాకు జోల.
చప్పుడు ఆగితే మెలకువ వచ్చేది:
అది వచ్చిందన్నమాట,
మందమర్రి బాయిలకు పోయేది.

డ్యూటీకి పిలుపు రాగానే బాపు గూట్లో జేబులు దులిపేవాడు.
అగ్గిపెట్టె, బీడీకట్ట, తాళంచెవులు, చిల్లర.
నాడాలు కొట్టిన బూట్లు విడిచి
అమ్మ కుట్టిన గోనెపట్ట జోళ్ళు తొడిగేవాడు.
"దాని కడుపుల ఇనుము సోకొద్దు బిడ్డా,
లోపలి మేకులు సుత రాగియే."

చిల్లరకు నేను కాపలా.
పోయిన ప్రతిసారీ తామరపువ్వు ఇరవై పైసల బిళ్ళ ఒకటి
నా పలక సంచిలోకి జారేది.
నడిచే గూడ్సులో డబ్బాలెన్నో
ఒక్క చూపుతో చెప్పే మనిషి,
గూట్లో ఒక బిళ్ళ తగ్గితే
ఏనాడూ అడగలేదు.

బాపు ఇక్కడ ఆపిన చప్పుడును
చిన్నాయిన ఓదెలు అక్కడ భూమి కింద చేసేవాడు.
బొగ్గు పగలగొట్టీ పగలగొట్టీ ఒక చెవి పోయింది.
మా ఇంటికొస్తే పెద్ద చిక్కు:
బాపు గొంతు లేవదు, ఆయనకు వినపడదు.
ఇద్దరి మధ్య పీటేసుకొని
ఈ మాట అటు, ఆ మాట ఇటు
నేనే మోసేదాన్ని.
కొన్ని మాటలు దారిలో దించేసేదాన్ని కూడా.

ఇవాళ బల్ల మీద పట్టాలు పరిచి నడిపించాను.
పాయింట్ల దగ్గరికి రాగానే పక్కకు ఒరిగింది.
మళ్ళీ పెడితే మళ్ళీ.
బరువు చాలదు.
ఐటీఐలో ముప్పై ఏళ్ళు పిల్లలకు ఆకురాయి పట్టించినదాన్ని,
ఆ మాత్రం తెలియదా, నాలుగు నట్లు వేస్తే సరి.
పైకప్పు ఊడదీసి నట్టు చేతిలోకి తీసుకున్నాను.
వెయ్యబుద్ధి కాలేదు.
నవ్వొచ్చింది. అట్టముక్క, జిగురు, రంగు,
ఇందులో పేలేదేముంది?
అయినా వెయ్యలేదు.

పాత పౌడరు డబ్బాలో తొమ్మిది బిళ్ళలున్నాయి,
యాభై ఏళ్ళుగా ఖర్చు కాని దొంగసొత్తు.
గలగలమనకుండా గుడ్డలో చుట్టి లోపల పేర్చాను.
ఎనిమిదే పట్టాయి.

ఈసారి వేలితోనే తోశాను, వదలకుండా.
పాయింట్లు దాటింది.
టక్కుమని కూడా అనలేదు.

తొమ్మిదో బిళ్ళ ఇంకా బల్ల అంచునే ఉంది,
అగ్గిపెట్టె పక్కన.