రేకు ఖరీదు

ఇరవై రెండేళ్లుగా నాకు రాళ్లు తెస్తున్నారు.
ఆకాశం నుంచి పడిందండీ అంటారు,
సంచి విప్పితే ఉక్కు ఫ్యాక్టరీ చిట్టెం,
ఒళ్లంతా బుడగలు.
టీ ఇచ్చి పంపిస్తాను.
గాజువాక రోడ్డు మీద లారీలు ఒలకబోసిందంతా
నా పెరటి గోడ కింద కుప్పే.

పెదజాలారిపేట నుంచి వచ్చిన ఫోను
అసలు రాయి గురించి కాదు.
"రేకు బద్దలైపోనాది బాబూ, డబ్బులెవులిస్తారు?"
అప్పుడే చెప్పులేసుకున్నాను.
అబద్ధమాడేవాడు రాయి ధర అడుగుతాడు,
రేకు ధర అడగడు.

సిమెంటు రేకులో గుప్పెడంత బొక్క.
కింద గచ్చు చిట్లిన చిన్న గుంట.
రెంటికీ మధ్య మంచం మీద చోడిపల్లి ఎర్రయ్య,
ఎడమ భుజం నేరేడుపండు రంగు.
రాయి మాత్రం పసుపు పూయించుకుని
దేవుడి గూట్లో కూర్చుంది.

ఎన్ని గంటలకు?
"రెండో షిప్టు బస్సెల్లిపోనాక."
ఎవరు చూశారు?
నూకరత్నం నవ్వింది:
"తగిలినోడికి సూసే తీరికుంటాదేటి?"

పసుపు తుడిచాను. కోడిగుడ్డు పెంకంత పల్చటి నలుపు,
చితికిన మూల బూడిదరంగు.
దారానికి వేలాడే అయస్కాంతం అటు తిరిగింది.
రాయి మీద రేకు తెల్లన,
రేకు అంచు మీద రాయి నల్లన:
ఒకరి వేలిముద్ర ఒకరి మీద.
గుంట స్కూలు స్కేలు పక్కన పెట్టి భుజం ఫొటో తీశాను.
పది రోజులైతే ఆ సాక్ష్యం ఉండదు.

బొక్క నుంచి గుంటకి దారం పట్టమన్నాను.
ఎర్రయ్యే వల దారం తెచ్చి ఒంటిచేత్తో బిగించాడు.
నిలువుగా లేదు. కాస్త వాలు.
చివరికొచ్చేసరికి ఎంత రాయైనా
గాలి తోసినట్టే పడుతుందని నేను చెప్పబోతే
దారాన్ని మీటి చూసి అతనే అన్నాడు:
"పైరగాలి. ఆ రేత్రి జోరుగా ఉందనే ఏటకెళ్లనేదు."

సాయంత్రం పోర్టులో గాలి రిజిస్టరు తిరగేశాను.
ఆ తేదీ, ఆ వేళ, దక్షిణం నుంచే.

రాయికి డబ్బిచ్చాను. కొత్త రేకు వేయించాను.
"అంత దూరం నుంచొచ్చినాది
ఇంకో జానెడు పక్కకి పడకూడదేటి"
అంటూనే ఉంది నూకరత్నం, లెక్కపెట్టుకుంటూ.

ట్రాలీ ఆటో వెనక పాత రేకుని నిలబెట్టి పట్టుకున్నాను.
పగిలినదానికి అంత జాగ్రత్తేంటని డ్రైవరు.
బీచ్ రోడ్డు పొడుగునా
బొక్కలోంచి గుండ్రటి ఎండ ముక్కొకటి
నా చొక్కా మీద, అటూ ఇటూ.