పెట్టె మోసిన కూలి

పరకాల తాసీలు కచేరి ముందట
పొద్దింకా పొడువలే.
అరుగు మీద ఇనుప పెట్టెలు,
ఒక్కొక్కదానికి ఒక్క బొమ్మ అతికిచ్చిండ్రు.
"మోసేటోళ్లు ఎవలు?" అన్నడు సర్కారు మనిషి.
నాకంటె ముందుగాల్ల నా బుజం లేసి నిలవడ్డది.
దానికి అలవాటు.

ఈ బుజం మీద దొరసాని మేనా పోయింది
చలివాగు ఇసుకల, కాళ్లు కాలంగ.
పెండ్లి పందిరి గుంజలు పోయినయి,
సచ్చిన గుర్రం పోయింది.
మా నాయిన తెచ్చుకున్న మూడు కుంచాల నాగు
ముప్పై ఏండ్ల సంది పోతనే ఉండె.

ఒక్క రాత్రి ఊరంత ఒక్కటై
పట్వారి దస్త్రాలు కాలవెట్టినం.
అంత ఎలుగుల గూడ
నా బాకీ ఎంతుండెనో
సదివి చెప్పెటోడు లేకపాయె.

ఆ ఎనుక మిల్ట్రీ లారీలొచ్చినయి.
గడిల క్యాంపు పడ్డది.
మా తమ్ముడు సాంబడు లోపలికి పోయిండు,
ఆని అంగి ఒక్కటి బైటికొచ్చింది.
దొర గూడ మల్లొచ్చిండు, నెత్తిన తెల్లటోపితోని.
"ఓరి" అనుడు మానిండు.
ఇంకేమనాల్నో ఆయినకు ఇంక తోస్తలేదు.

పెట్టె తేలిక. లోపల గాలి తప్ప ఏంలేదు.
బుజం నమ్మలే.
వాగు దాటినంక బరువైతదేమో అని
ఊరు అచ్చేదాక ఎదురుచూసింది.

గడి గుర్రాల కొట్టంల ఓట్లు.
"మ్యాకల బుచ్చవ్వ" అని పిలిస్తె
నా పెండ్లాం ఎనుకకు తిరిగి చూసింది,
ఇంకెవలన్న ఉన్నరేమో అని.
దొరసాని కాళ్లకాడ ఇరువై ఏండ్లు
ఆమె పేరు "పిల్లా".
నేను ఏ పెట్టెల ఏసిన్నో చెప్ప.
చెప్పద్దన్నరు.
దాసుకునేటందుకు నాదంటు ఒకటి ఉండుడు
గదే మొదలు.

మాపటికి సర్కారు మనిషి కాయితం తీసిండు.
"దినం కూలి, రూపాయి పావులా. ముద్ర ఎయ్యి."
చెయ్యి ఎనుకకు గుంజుకున్న.
మా నాయిన ఒక్క ముద్ర ఏస్తె
పుట్టకముందే నేను అమ్ముడువోయిన.
"ఏం రాసిన్రో సదువు" అన్న.
సదివిండు.
"మల్ల సదువు."
సదివిండు, పండ్లు కొరుక్కుంట.
బడికి పోయే సాకలోళ్ల పోరన్ని పిలిచి
వాని తోని గూడ సదివిపిచ్చిన.
మూడు సార్లు ఒక్క తీరుగనే అచ్చింది.
అప్పుడు ఏసిన.

భూమి ఇంక రాలే.
కౌలు కాయితం హన్మకొండల ఏ బీరువల ఉన్నదో.
సాంబని పేరు ఏ పట్టిల లేదు,
బతికినోళ్ల దాంట్ల లేదు, సచ్చినోళ్ల దాంట్ల లేదు.
పావులా పెట్టి ఉప్పు కొన్నం.
హాలీ రూపాయిని బుచ్చవ్వ
కొంగుకు ముడేసి, ఇప్పి, మల్ల ముడేసింది.

ఇంటి తొవ్వల బుజం మీద ఏం లేదు.
అయినా ఒక్కదిక్కు ఒరిగే నడుస్తున్ననట.
"ఎవల్ని మోస్తున్నవ్ ఓదెలూ"
అని బుచ్చవ్వ నవ్వింది.