గిరాకీ లేని రోజు

మా సిరోంచల మందు బందై ముప్పై ఏండ్లు.
అందుకే నా ఆటో నడుస్తది.

పొద్దుగూకంగ ఆరుగుర్ని ఎక్కించుకొని
ప్రాణహిత బ్రిడ్జి దాటిస్త.
రాత్రికి అదే ఆరుగుర్ని తిరిగి తెస్త.
పోయేటప్పుడు మరాఠీల బేరమాడినోళ్లు
వచ్చేటప్పుడు తెలుగుల ఏడుస్తరు.
ఎంహెచ్ ముప్పైమూడు నంబరు బండికి
రెండు రాష్ట్రాల కక్కు వాసన.

ఏడాదికి కొన్నిసార్లు అవతలి ఒడ్డు గూడ ఎండుతది.
ఇయ్యాల అసొంటి రోజు.
క్యాలెండర్ల ఎర్ర అంకె.
వెదురుకట్టె పట్టిన బక్కపోరణ్ని ముందట నడిపిచ్చుకుంట
బడిపిల్లలు బస్టాండు దాంక వచ్చిన్రు.
ఆ పోరడు మా కొమురయ్య కొడుకే,
అంటించిన దూది మీసం ముక్కుల వోయి
జై కొట్టినప్పుడల్లా తుమ్ముతుండు.

ముసలాయన పుట్టినరోజు
నా పొట్టమీద కొట్టిందని తిట్టుకుంట చాయ్ తాగిన.
ఏం తోచక సీటు కడిగిన.
కడగక నెల దాటింది.

గప్పుడొచ్చింది దుర్గం లసుంబాయి,
చేతిల సంచి, కొంగుకు ముడేసిన చిల్లర.
"చెల్లె ఊరికి పోవాలె.
మిగతా దినాలు నీ బండి ఎక్కబుద్ది గాదు బిడ్డా."
మందు బంద్ చేయించిన మోర్చాల
చంటిదాన్ని చంకనేసుకొని
ముందటి వరుసల నడిచిందట.
నేనప్పటికి పుట్టలే.

బ్రిడ్జి నడుమకు రాంగనే ఆపుమన్నది.
కింద ప్రాణహిత ఎర్రగ, నిండుగ.
రూపాయి బిళ్ల తీసింది, నీళ్లల్ల ఏస్తదనుకున్న.
ఏయలే. బిళ్ల పట్టుకొనే అడిగింది:
"మా ఇంటాయన ఏ దిక్కు కూసునేటోడు?"

నా నోట్లె తడి ఆరింది.
పోయిన చలికాలం
ఆయన్ను ఆఖరుసారి తెచ్చింది నేనే.
గద్దె మీద పండవెట్టి, నిద్రవోయిండనుకొని
ఆయన జేబులకెళ్లి నా కిరాయి నేనే తీసుకొని పోయిన.
తెల్లారినంక తెలిసింది.

"ఎడమదిక్కవ్వా. రాడ్ పట్టుకొని."

జరిగి ఎడమదిక్కు కూసున్నది.
రాడ్ పట్టుకున్నది.
రెక్సిను చిరిగిన జాగల ఏలు పెట్టి
చీర చిరుగు చూసినట్టు చూసింది.
"దీన్ని కుట్టియ్యరాదు?"
ఇంకేం అనలే.

అవతల దిగి ఇరవై రూపాయలు లెక్కవెట్టి
వద్దన్నా జేబుల కుక్కింది.
"ఆయన నీకేమన్న బాకీ ఉన్నడా?"
"లేదవ్వా" అన్న.
నిజమే అన్న.
షట్టరేసిన మందుషాపు మెట్ల మీద
కుక్క కాళ్లు చాపుకొని పండుకున్నది.

వచ్చేటప్పుడు బండి ఖాళీ.
రేపు డబల్ గిరాకీ ఉంటది, తెలుసు.
దుకాణంల దబ్బనం, నైలాన్ దారం కొన్న.
కుట్టుకుంట కూసుంటే చీకటి పడ్డది.
కొమురయ్య కొడుకు వచ్చి సెల్లు లైటు పట్టిండు,
మీసం సగం ఊడింది, సగం ఉన్నది.
"ఎవరి కోసం కుడుతున్నవే కాకా?" అన్నడు.
లైటు కదలనీయకుమని కసిరిన.