ఒక్కపొద్దు

చీమలే చెప్పినాయి ముందు.
మునిచంద్ర దిండు గలీబులో
ఎండి రాయైన సంగటి ముక్క,
పిడికెడు చెనిక్కాయలు,
బడిలో ఇచ్చిన చిక్కీ, సగం కొరికింది.

సంతకాలు పెట్టించుకోని ఆఫీసోళ్లు
గ్రీమ్స్‌పేట ఇంట్లో వాణ్ణి వదిలి
పదకొండు దినాలు.
"రేపు కూడా ఉంటాదా?" అని
రోజూ అడుగుతాడు,
నన్ను కాదు, సట్టిని.

నేనేమీ అనలేదు.
చీమల్ని దులిపి
మూతుండే డబ్బా ఒకటి ఇస్తి.

శనివారం. నాకు ఒక్కపొద్దు.
వాడికి సంగటి పెట్టి, ఊరిబిండి వేసి
ఊరికే కూచుంటి.
నా ముందర తట్ట లేని నేలను చూసినాడు.
సట్టి వంచి చూసినాడు.
లేచి లోపలికి పోయినాడు.

డబ్బా మూత చప్పుడు.

"తిను. నా కాడ ఇంకా ఉండాది."

చిక్కీకి ఒక పక్క వాడి పంటి గాటు.
కొండాయనకు తర్వాత చెప్పుకుంటాలే అని
రెండో పక్క కొరికితి.