మలుపు

కొర్లగుంటలో మేడ మీద గది.
రేణిగుంట రోడ్డులో ఇంకా పునాదే తియ్యని
అపార్ట్‌మెంట్ల మధ్య
రాత్రి నుంచీ కెమెరా నడుపుతున్నాను.

దీనికి బరువు లేదు. మొయ్యడానికి భుజం లేదు.
సున్నా సెకను దగ్గర ఒక కీఫ్రేమ్: గేటు.
ఆరో సెకను దగ్గర ఇంకొకటి: ఈతకొలను.
నడుమ దారంతా మిషనే అల్లుకుంటుంది,
గోడ అడ్డమొస్తే గోడలోంచే పోతుంది.
మలుపు దగ్గర మాత్రం
ఎక్కిళ్లు.

చెంగల్రాయుడు మామ టీ తెచ్చాడు.
ఇరవై ఆరేళ్లు ఘాట్ రోడ్డు బస్సు తోలి
పోయిన జూన్‌లో స్టీరింగు వదిలినవాడు.
కుర్చీ లాక్కుని కాసేపు చూసి
"ఎవుర్రా దీన్ని తోల్తా ఉండేది?" అన్నాడు.
ఎవురూ లేరు మామా.
"అదే మరి. మలుపులోకి వచ్చినాక తొక్కతా ఉండాడు బ్రేకు.
ముందే తొక్కాల.
తిరిగేటప్పుడు కాలు తీసెయ్యాల.
వెనక సీట్లో ముసిలామె ఉంటాది,
ఒళ్లో లడ్ల కవరు జారకూడదు."

గ్రాఫ్ తెరిచాను.
గీతకు రెండు పక్కలా పిడులు పట్టి లాగి
కొండ దిగే దారిలా వంచాను.
మధ్యలో పెట్టిన నాలుగు కీఫ్రేములూ
చెరిపేశాను, ఆ ముసిలామెను తలుచుకుంటూ.
అప్పటికి టీ మీద మీగడ కట్టింది.

ప్లే నొక్కాను.

మామ ఏమీ అనలేదు.
గేటు దాటిన రెండో సెకనులో
ప్లాస్టిక్ కుర్చీలో
కొంచెం ఎడమకి ఒరిగాడు.
కుడికాలు నేల మీంచి
మెల్లగా, చాలా మెల్లగా
పైకి లేచింది.

రెండర్‌కి పెట్టేశాను.