మూత బిగువు

జనవరిలోనే మొదలెడుతుంది ఐవొరీన్ అత్త.
ఎండుద్రాక్ష, ప్రూన్స్, చెర్రీలు, సన్నగా తరిగిన నారింజ తొక్క,
గాజు జాడీలో కూరి
మునిగేదాకా నల్ల రమ్ము.
డిసెంబరు వరకూ దాని జోలికి ఎవరూ పోకూడదు.

నేను నెగ్రిల్‌లో, హోటల్ బార్లో
అదే రమ్ము పోస్తాను రోజూ,
ఐసు మీద, నిమ్మరసంతో, పైన చిటికెడు జాజికాయ పొడి.
అల్లం బీరు కలిపిస్తే టూరిస్టులు కళ్ళు మూసుకుంటారు.
ఆ గ్లాసు ఖరీదు నా ఒక పూట కూలి.

ఆస్బర్ట్ మామ క్లారెండన్ బట్టీలో
ముప్పై ఏళ్ళు చెరకు మడ్డి కాచినవాడు.
పీపాకి ముక్కానించి
ఇది మగ్గింది, ఇది ఇంకా పచ్చి, అనేవాడు.
ఇంట్లో గ్లాసులు పగిలేవి.
ఒక రాత్రి అత్త మణికట్టు విరిగింది.
ఆ తెల్లారే మానేశాడు.
పదకొండేళ్ళు.

అయితే పొద్దున చూస్తే
జాడీ మూత అత్త బిగించినంత బిగువుగా ఉండదు.
రమ్ము మట్టం మాత్రం వెంట్రుకవాసి తగ్గదు.
పాత పగవాడు
బతికున్నాడో లేడో కనుక్కుని వచ్చినట్టు
వాసన చూసి మూసేస్తాడు కాబోలు.
అత్త అడగదు.
మళ్ళీ బిగిస్తుంది,
కాస్త వదులుగానే.

క్రిస్మస్‌కి రెండు కేకులు.
పెద్దది మా అందరికీ.
చిన్నది ఆయనకి,
మాడ్చిన చక్కెరతో, ద్రాక్షరసంతో,
నలుపు మాత్రం అంతే నలుపు.

మామ నమిలాడు. మింగాడు.
చాలాసేపు పళ్ళెం కేసే చూసి
"ఈ యేడు బాగా మగ్గింది" అన్నాడు.

అత్త మణికట్టు ఓసారి తడుముకుని
ఇంకో ముక్క కోసింది.